డాక్టర్ ఆనందీబాయి జోషీ: ఒక దరఖాస్తు చరిత్ర

దరఖాస్తు అన్న మాట మా సంచికలోని ఉర్దూ పుటలలోను, తెలుగు పుటలలోను దాదాపు ఒకే రూపంలో కనిపిస్తుంది. పారసీకం నుంచి ఉర్దూలోనికి, అక్కడినుంచి కచేరీల మార్గాన మన తెలుగులోనికి వచ్చిన ఈ పదంలో వేడుకొనుట, కోరుకొనుట అన్న రెండు భావాలూ ఇమిడి ఉన్నాయి. ప్రతి సంవత్సరం ప్రవేశాల ఋతువులో కళాశాల కార్యాలయపు కిటికీ ఎదుట బారులు తీరిన పిల్లలను చూచినప్పుడు, వీరిలో ఎందరిది వేడుకోలు, ఎందరిది కోరిక అన్న ఆలోచన మాకు కలుగుతూ ఉంటుంది. దరఖాస్తును తరచుగా మేనమామ పూర్తి చేస్తాడు, లేదా అన్నగారు చేస్తారు. ఈ రోజులలో నెట్ సెంటరులోని కుర్రవాడు చేస్తున్నాడు. ఏ చదువు చదువుదలచితివని అడిగితే పిల్ల తండ్రి ముఖం వంక చూస్తుంది. అటువంటి పిల్లను చూచినప్పుడెల్లా మాకు జ్ఞాపకం వచ్చే జీవితమొకటి ఉన్నది. అది ఆనందీబాయి జోషీ జీవితం. పాశ్చాత్య వైద్యంలో పట్టం పుచ్చుకొన్న తొలి భారతీయ మహిళలలో ఒకరుగా ఆమె పేరు విద్యార్థులు విని ఉంటారు. ఆ పట్టం కంటె ఆ కళాశాలలో ఆమెకు ప్రవేశం లభించిన విధమే మమ్ములను ఎక్కువగా ఆకర్షించింది.

1865 మార్చి 31వ తేదీన ఆమె జన్మించింది. బొంబాయికి సమీపాన ఉన్న కల్యాణ్‌లో భూవసతి కలిగి, కాలక్రమాన చితికిన బ్రాహ్మణ కుటుంబం వారిది. పుట్టింటివారు పెట్టిన పేరు యమున. తొమ్మిదవ ఏట ఆమెకు గోపాలరావు జోషీతో వివాహం జరిగింది. ఆయన తపాలా శాఖలో గుమాస్తా. మొదటి భార్య గతించినవాడు. వయస్సులో ఆమెకంటె దాదాపు ఇరవై సంవత్సరాలు పెద్ద. భార్యకు చదువు చెప్పనిస్తేనే పెండ్లి చేసుకుంటానని ఆయన నియమం పెట్టినట్లు చరిత్రకారులు వ్రాశారు. వివాహానంతరం ఆమెకు ఆనంది అని పేరు పెట్టినదీ ఆయనే.

ఈ గోపాలరావును గూర్చి మన పుస్తకాలలో సాధారణంగా పొగడ్తలే కనిపిస్తాయి. ఆ పొగడ్తలలో సత్యం లేకపోలేదు. భార్యకు అక్షరాలు నేర్పడమే అనాచారంగా ఎంచిన సమాజంలో ఆయన ఆమెకు మరాఠీ, సంస్కృతం, ఆంగ్లం నేర్పించాడు. అలీబాగ్, కొల్హాపూర్, బొంబాయి, కచ్ దేశంలోని భుజ్, చివరకు కలకత్తా. బదిలీ అయిన ప్రతి ఊరికీ ఆమె చదువును వెంటబెట్టుకొని వెళ్ళాడు. అయితే ఆ చదువు దెబ్బలతో కూడిన చదువు. కట్టెపేళ్ళతో కొట్టడం, పుస్తకాలు, కుర్చీలు మీదికి విసరడం, విడిచిపెట్టి పోతానని బెదిరించడం, ఇవన్నీ పదేండ్ల పిల్ల అనుభవించింది. తరువాత అమెరికానుంచి భర్తకు వ్రాసిన ఒక లేఖలో ఆమె ఈ సంగతులను ఒక్కొక్కటిగా గుర్తుచేసింది. అటుపిమ్మట తనకు ఆయనపై కృతజ్ఞత ఉన్నదనీ వ్రాసింది. ఈ రెండింటిలో ఒకటి చెప్పి మరియొకటి దాచడం న్యాయం కాదని మా అభిప్రాయం.

ఆమెకు పదునాలుగవ ఏట ఒక మగశిశువు కలిగాడు. ఆ బిడ్డ పది దినాలు మాత్రమే జీవించాడు. సరియైన వైద్యసహాయం అందివుంటే బిడ్డ బ్రతికేవాడన్న భావం ఆమెలో నాటుకొన్నది. వైద్యులందరూ పురుషులు. ఘోషాలోని స్త్రీలు, సంప్రదాయ కుటుంబాల స్త్రీలు పురుష వైద్యుని చేత చేయి పట్టించుకొనడం కంటె చావునే మేలనుకొన్న రోజులవి. హిందూ గృహమైనా, ముస్లిం గృహమైనా ఈ విషయంలో భేదం లేదు. వైద్యం చదవాలన్న ఆమె సంకల్పానికి మూలం అక్కడ ఉన్నది.

ఇక దరఖాస్తు సంగతి. దాని మొదటి అక్షరాలు వ్రాసినది ఆనంది కాదు. కొల్హాపూరులో ఉండగా గోపాలరావు, అమెరికాకు చెందిన రాయల్ వైల్డర్ అనే మిషనరీకి ఒక లేఖ వ్రాశాడు. భార్యను అమెరికాలో చదివించాలనుకొంటున్నాననీ, తనకు అక్కడ తగిన ఉద్యోగమేదైనా దొరకుతుందా అనీ అందులో విచారించాడు. వైల్డర్ ఆ ఉత్తర ప్రత్యుత్తరాలను తన మిషనరీ పత్రికలో ప్రకటించాడు. దంపతులు క్రైస్తవాన్ని అంగీకరిస్తే సహాయం సులువవుతుందన్నది ఆయన ధోరణి. దానికి వారు సమ్మతించలేదు. అంతటితో ఆ ప్రయత్నం ఆగిపోయింది. ప్రథమ లేఖకు ప్రతిఫలం ఇంతే. ఒక భర్త వ్రాసిన లేఖ, అందులో భార్య చదువూ, భర్త కొలువూ కలగలిసి ఉన్న లేఖ.

కాని అచ్చయిన కాగితం ఎవరి చేతిలో పడుతుందో ఎవరు చెప్పగలరు! న్యూజెర్సీ రాష్ట్రంలోని రోజెల్ అనే చిన్న పట్టణంలో థియోడిషియా కార్పెంటర్ అనే గృహిణి ఉండేది. 1880లో ఆమె పంటి వైద్యుని ఇంట తన వంతుకోసం వేచియుండగా అక్కడ పడియున్న ఆ పత్రికను తిరగవేసింది. ఎక్కడో హిందూదేశంలో ఒక చిన్న వయస్సు పిల్ల చదువుకొనాలని ఆశపడుతున్నదని చదివి, ఆమె తనంతట తానే ఉత్తరం వ్రాసింది. అది మొదలు మూడేండ్లపాటు ఆ ఇరువురి మధ్య లేఖలు నడిచాయి. హిందూ ఆచారాలు, బాల్యవివాహాలు, పండుగలు, వంటకాలు, అమెరికా స్త్రీల జీవనం, అన్నీ ఆ లేఖలలో చర్చకు వచ్చాయి. ఒకరినొకరు చూడకుండానే ఆనంది ఆమెను పినతల్లిగా పిలవసాగింది. కలకత్తాలో ఉన్నప్పుడు ఆనంది తరచుగా జ్వరం, తలనొప్పి, ఆయాసాలతో బాధపడేది. కార్పెంటర్ గారు అమెరికానుంచి మందులు పంపినా గుణం కనిపించలేదు. ఈ అనారోగ్యాన్ని పాఠకులు జ్ఞాపకం ఉంచుకొనవలసినదిగా కోరుతున్నాము. తిరిగి దీని ప్రస్తావన వస్తుంది.

అమెరికాయే ఎందుకు, మన దేశంలో వైద్యవిద్య లేదా అని విద్యార్థులు అడుగవచ్చు. ఆనాడూ అందరూ అదే అడిగారు. మదరాసు వైద్య కళాశాల 1875లోనే స్త్రీలకు ద్వారాలు తెరిచింది. మేరీ షార్లీబ్, మరి ముగ్గురు స్త్రీలు ఆ యేడు అక్కడ చేరారు. అయితే ఆ తొలి విద్యార్థినుల వరుసలో హిందూ గృహిణులు లేరు. బోధకులలో కొందరికి స్త్రీలకు చదువు చెప్పడం రుచించదనీ, సంప్రదాయపు దుస్తులతో వెళ్ళే హిందూ స్త్రీ అక్కడ అవమానాలపాలు కాక తప్పదనీ ఆనంది భావించింది. ఆ భయం ఊహాజనితం కాదు. బొంబాయిలోను, వంగదేశంలోను పుస్తకాలు చేతబట్టి వీధిలో నడిచినందుకే ఆమె తిట్లు, ఎగతాళి, వెంటపడే జనం, అన్నీ చూసింది. మన హైదరాబాదు వైద్య పాఠశాల 1846 నుంచీ ఉన్నది గాని, రూపాబాయి ఫర్దూన్‌జీ వంటి స్త్రీలు అందులో అడుగుపెట్టినది 1885లో. ఆనంది అప్పటికే సముద్రాలు దాటి రెండేండ్లయింది.

1883లో గోపాలరావుకు శ్రీరాంపూరుకు బదిలీ అయింది. తెలుగువారికి ఆ ఊరు కొత్తది కాదు. విలియం కేరీ రచించిన తెలుగు వ్యాకరణం 1814లో అచ్చుపడినది అక్కడి ముద్రాలయంలోనే. తాను ఉద్యోగం వదలి వెళ్ళలేడు గనుక భార్యను ఒంటరిగా పంపుతానని గోపాలరావు నిశ్చయించాడు. ఊరు భగ్గుమన్నది. హిందూ సంప్రదాయవాదులు వెలివేస్తామన్నారు. మతం మారకుండా వెళ్ళడమేమిటని కొందరు క్రైస్తవులూ పెదవి విరిచారు. అప్పుడు ఆనంది చేసిన పని మాకెప్పుడూ ఆశ్చర్యం గొలుపుతుంది. 1883 ఫిబ్రవరి 24వ తేదీన శ్రీరాంపూర్ కళాశాల సభామందిరంలో ఆమె నిలబడి ఆంగ్లంలో ఉపన్యసించింది. వయస్సు పదునెనిమిది ఇంకా నిండలేదు. తనను జనం అడుగుతున్న ప్రశ్నలను తానే వరుసగా చెప్పి, ఒక్కొక్కదానికి సమాధానం ఇచ్చింది. అమెరికాకు ఎందుకు పోవాలి, ఈ దేశంలో మార్గం లేదా, ఒంటరిగా ఎందుకు, వెలివేస్తే ఏమి చేస్తావు, అక్కడ ఆపద వస్తే ఏమి గతి, ఏ స్త్రీయూ చేయని పని నీవెందుకు చేయాలి. ఇవి ఆ ప్రశ్నలు. హిందువుగానే వెళ్తాననీ, హిందువుగానే తిరిగి వస్తాననీ, స్త్రీలకోసం వైద్యకళాశాల స్థాపించాలన్నదే తన ఆశయమనీ ఆమె సభకు తెలియజేసింది. పత్రికలు ఆ ఉపన్యాసాన్ని ప్రకటించాయి. దేశం నలుమూలలనుంచి కొంత ధనసహాయం వచ్చింది. నగలు అమ్మగా వచ్చిన సొమ్ము దానికి తోడయింది.

ఆ ప్రసంగాన్ని ప్రవేశపు పరీక్షగా మేము భావిస్తాము. ప్రశ్నపత్రం ఊరివారు తయారుచేశారు. ఆమె దానిని తన చేతిలోనికి తీసుకొన్నది.

ఏప్రిల్‌లో కలకత్తా రేవులో ఓడ ఎక్కి, మిషనరీ స్త్రీల తోడుతో, ఆమె జూన్ ఆరంభంలో న్యూయార్క్ చేరింది. కార్పెంటర్ గారు రేవుకు వచ్చి ఆమెను ఇంటికి తోడుకొనిపోయారు. పేరుతో తప్ప ముఖంతో పరిచయం లేని పినతల్లి! ఒక విశేషం పాఠకులు గమనించవలె. ఓడ ఎక్కునాటికి ఆనందికి ఏ కళాశాలలోను సీటు లేదు. చేరదలచిన కళాశాల పేరు మాత్రం తెలుసు: ఫిలడెల్ఫియా నగరంలోని పెన్సిల్వేనియా స్త్రీల వైద్య కళాశాల. కేవలం స్త్రీలకు వైద్యపట్టాలిచ్చుటకై ప్రపంచంలో మొట్టమొదట వెలసిన విద్యాసంస్థలలో అది ఒకటి, 1850లో స్థాపితమైంది. వెళ్ళి, అడిగి చూడడం తప్ప ఆమె చేతిలో మరే హామీ లేదు. నేటి విద్యార్థిని ఇంత సాహసం చేయవలెనని మేము చెప్పము, చేయవద్దనే చెబుతాము.

జూన్ నెలాఖరున రోజెల్‌లోని ఆ ఇంట కూర్చుండి ఆమె దరఖాస్తు వ్రాసింది. కళాశాల వ్యవహారాలు చూచే ఆల్‌ఫ్రెడ్ జోన్స్ గారికి సంబోధించిన ఆ లేఖ దొరతనపు అర్జీల వలె సాగిలపడదు. తన చదువు ఎంతవరకు సాగినదో, ఏయే భాషలు తెలుసునో ఆమె సూటిగా వ్రాసింది. కళాశాలవారు కోరే అర్హతలన్నీ తనకు లేకపోవచ్చునని దాపరికం లేకుండా ఒప్పుకొన్నది. ఆమె వద్ద ఉన్నత పాఠశాల ధ్రువపత్రం లేదు. ఊరు మారినప్పుడెల్లా తెగి, తిరిగి అతికిన చదువు అది. తనది ప్రత్యేకమైన స్థితి గనుక దయతో పరిశీలించవలెనని కోరింది. ఆ తరువాత తన వయస్సు పదునెనిమిది అని తెలిపింది. మిత్రులు, కులంవారు ఒక్కటై ఎదిరించినా తనను ఈ దేశానికి తీసుకొనివచ్చిన పట్టుదలే చదువు పూర్తిచేయడానికీ తోడ్పడుతుందన్నది. పురుష వైద్యుని చేతిలో వైద్యం పొందడంకంటె ప్రాణం విడువడానికే సిద్ధపడే తన దేశపు స్త్రీలకు నిజమైన వైద్యసహాయం అందించాలన్నదే తన రాకకు కారణమని స్పష్టం చేసింది.

ఈ లేఖలో మేము ఆగే చోటు ఒకటి ఉన్నది. తన ఆరోగ్యం బాగున్నదని ఆమె వ్రాసింది. కలకత్తా జ్వరాలు, తలనొప్పులు, సముద్రం దాటి వచ్చిన మందులు, వీటి మాట అందులో లేదు. ఆ వేసవిలో రోజెల్ గాలికి ఆమె నిజంగానే కోలుకొని ఉండవచ్చు. ప్రవేశం నిరాకరిస్తారన్న భయం ఆ కలాన్ని నడిపించి ఉండవచ్చు. దరఖాస్తులో ఒక్క గడి దగ్గర మాత్రం ఉన్నది ఉన్నట్లు వ్రాయలేక తడబడిన వారిని మేము చాలామందిని ఎరుగుదుము. అందుచేత ఈ విషయంలో ఆమెను తప్పు పట్టడానికి మనస్సు ఒప్పదు. ఆ ఒక్క వాక్యపు వెల ఎంతో తరువాత తెలిసింది.

గోపాలరావు అప్పుడు వేలాది మైళ్ళ దూరంలో శ్రీరాంపూర్ తపాలా కచేరీలో ఉన్నాడు. తొలి లేఖ వ్రాసిన చేయి ఆయనది. ఈ లేఖ వ్రాసిన చేయి ఆమెది. ఇందులో భర్త ఉద్యోగపు ప్రసక్తి లేదు.

కళాశాల డీను రేచెల్ బాడ్లీ. రసాయన, వృక్షశాస్త్రాలలో పండితురాలు; 1874 నుంచి ఆ పదవిలో ఉన్న స్త్రీ. నియమావళిని ముందు పెట్టుకొని చూస్తే ఈ దరఖాస్తును త్రోసిపుచ్చడం చాలా తేలిక. డీను ఆమెను చేర్చుకొన్నది. ఉపకారవేతనం కూడ ఏర్పాటయింది. కళాశాలల పాలకవర్గాల వారు ఆనంది పేరు స్మరించినప్పుడెల్లా బాడ్లీ గారి పేరునూ స్మరించవలసి ఉన్నది. కాగితాన్ని చదివేవారు కొందరు, కాగితం వెనుక మనిషిని చదివేవారు కొందరు. ఆమె రెండవ కోవకు చెందినది.

1883 శరత్కాలంలో ఆనంది ఫిలడెల్ఫియా చేరింది. అక్కడి చలి ఆమెకు పగయింది. మాంసాహారం ముట్టదు, కోరిన శాకాహారం దొరకదు. మహారాష్ట్ర పద్ధతిలో కట్టే తొమ్మిది గజాల చీర కాలిపిక్కలను కప్పదు గనుక, చలికి తాళలేక గుజరాతీ పద్ధతిలో చీర కట్టసాగింది. ఇది చిన్న విషయంగా తోచవచ్చు. కాని మతం, ఆహారం, వేషం మారనివ్వనని శ్రీరాంపూరులో మాట ఇచ్చి వచ్చిన పిల్లకు చీర కుచ్చెళ్ళు మార్చడం కూడ భర్తకు ఉత్తరం వ్రాసి సంజాయిషీ చెప్పుకొనవలసిన పని అయింది. చదువుకొనడానికి దూరదేశం పోయిన స్త్రీ ఎన్నింటికి సమాధానం చెప్పుకొనవలసి వచ్చిందో దీనినిబట్టి ఊహించవచ్చు. గోపాలరావు లేఖలలో అనుమానం, ఎత్తిపొడుపు కూడ ఉండేవి.

అక్కడ ఆమె ఏకాకి మాత్రం కాదు. జపాన్ దేశస్థురాలు కెయ్ ఒకామీ, దమాస్కస్ నుంచి వచ్చిన సబాత్ ఇస్లాంబూలీ ఆ కళాశాలలోనే చదువుతున్నారు. 1885 అక్టోబరులో ఆ ముగ్గురూ తమ తమ దేశీయ వేషాలతో కలిసి తీయించుకొన్న ఛాయాచిత్రం నేటికీ లభిస్తున్నది. మూడు దేశాలు, మూడు మతాలు, మూడు రకాల వస్త్రాలు, ఒకే కళాశాల. మా వంటి అల్పసంఖ్యాకుల కళాశాలలో ఆ చిత్రం ఒకటి గోడపై ఉండదగినదని మా మనవి.

1886 మార్చి 11వ తేదీన ఆనందీబాయికి ఎం.డి. పట్టం ప్రదానమయింది. ప్రాచీన హిందువులలో ప్రసూతి వైద్యం ఆమె సిద్ధాంత వ్యాసపు విషయం. సంస్కృత గ్రంథాల జ్ఞానం అక్కడ ఆమెకు అక్కరకు వచ్చింది. పట్టప్రదానానికి ఇంగ్లండునుంచి పండిత రమాబాయి వచ్చింది. గోపాలరావు అప్పటికి అమెరికా చేరి ఉన్నాడు. విక్టోరియా రాణి అభినందన సందేశం పంపింది. కొల్హాపూర్ సంస్థానంవారు ఆల్బర్ట్ ఎడ్వర్డ్ ఆసుపత్రిలోని స్త్రీల విభాగానికి ఆమెను వైద్యాధికారిణిగా నియమించారు.

ఆ కుర్చీలో ఆమె కూర్చొనలేదు. క్షయ అప్పటికే ఆమెను లోలోపల తినివేసింది. 1886 చివర స్వదేశం చేరినప్పుడు ఆమెను చూచేందుకు జనం తండోపతండాలుగా వచ్చారు; వెలివేస్తామన్నవారూ వచ్చారు. సముద్రం దాటిన స్త్రీకి మందు ఇవ్వడానికి మాత్రం కొందరు వైద్యులు వెనుకాడారని ఆమె చరిత్రలో ఉన్నది. 1887 ఫిబ్రవరి 26వ తేదీన పూనాలో ఆమె కన్నుమూసింది. ఇరవై రెండవ పుట్టినరోజుకు ఇంకా ఒక నెల మిగిలి ఉన్నది. తన దేశపు స్త్రీలలో ఒక్కరికైనా వైద్యురాలిగా ఆసుపత్రిలో సేవ చేసే అవకాశం ఆమెకు లభించలేదు.

చితాభస్మాన్ని గోపాలరావు కార్పెంటర్ గారికి పంపించాడు. న్యూయార్క్ రాష్ట్రంలోని పొకీప్సీలో, ఆ కుటుంబంవారి శ్మశానవాటికలో, అది భూస్థాపితమైంది. పంటి వైద్యుని ఇంట పత్రిక తిరగవేసిన ఆ గృహిణి తన వారి సమాధుల నడుమ ఆమెకు చోటిచ్చింది.

ఆమె చదివిన కళాశాల కాలక్రమాన ఇతర సంస్థలతో కలిసి, నేడు ఫిలడెల్ఫియాలోని డ్రెక్సెల్ విశ్వవిద్యాలయంలో భాగమైంది. అక్కడి చారిత్రక పత్ర భాండాగారంలో ఆల్‌ఫ్రెడ్ జోన్స్ గారికి ఆమె స్వహస్తంతో వ్రాసిన ఆ దరఖాస్తు భద్రంగా ఉన్నది.